పాత జీపు హెడ్‌లైట్లు: వైరింగ్ నుంచి గోడ మీది గీత వరకు

మహీంద్రా సీజే-3బీ, ఎంఎం 540, మేజర్, మారుతి జిప్సీ, 2010లో వచ్చిన తొలి థార్: తయారైన కాలాలు వేరైనా ఈ బండ్లన్నింటికీ ముందువైపు ఒకే కొలత గల గుండ్రటి దీపాలున్నాయి. వాటి అడ్డకొలత ఏడు అంగుళాలు, అంటే సుమారు 178 మిల్లీమీటర్లు. అమెరికాలో 1940 మోడల్ కార్లతో ప్రామాణికంగా మారిన ఈ కొలత ఇప్పటికీ చలామణిలో ఉండడం వల్ల విడిభాగాలకు కొరత లేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఏ దుకాణంలో ఏది కొన్నా బండికి అమరిపోతుంది కాబట్టి, అది మన బండికీ మన రోడ్డుకూ తగినదా అని ఆలోచించేవారు తక్కువ. రాత్రి ఘాట్ రోడ్డులో దారి కనబడలేదని మరునాడు ఎక్కువ వాట్ల బల్బు కొని బిగించడం, ఎదుటివారు తిట్టుకుంటున్నా దారి మాత్రం అంతంతమాత్రంగానే కనబడడం మామూలైపోయింది.

ఈ మార్గదర్శిలో పని వరుస అందుకు తలకిందులుగా ఉంటుంది. ముందు కరెంటు, తరువాత గాజు, ఆ తరువాత బల్బు, చివరికి మెకానిక్కులు ఫోకస్ అని పిలిచే గురి. పాత జీపుల్లో వెలుతురు తగ్గడానికి బల్బు కంటే వైరింగే ఎక్కువగా కారణమవుతుంది కాబట్టి, మొదటి అంచె సక్రమంగా పూర్తి చేసినవారికి మిగతా ఖర్చు అక్కరలేకపోవచ్చు.

మొదట కొలత

కావలసిన పరికరం ఒక డిజిటల్ మల్టీమీటరు. దాన్ని పట్టుకునే ముందు బండి ఎన్ని వోల్టులదో నిర్ధారించుకోవాలి. సైన్యం వేలంలో కొన్న బండ్లలో 24 వోల్టుల వైరింగ్ ఉండవచ్చు. అటువంటప్పుడు బల్బులు, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) అన్నీ 24 వోల్టులవే కావాలి. ఇక్కడి నుంచి చెప్పే అంకెలన్నీ 12 వోల్టుల బండికి వర్తిస్తాయి.

ఇంజను నడుస్తుండగా, యాక్సిలరేటర్ కాస్త ఎత్తి ఉంచి, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ రెండు కొనల మధ్య వోల్టేజీ చూడాలి. అది సుమారు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే ఛార్జింగ్ సవ్యంగా ఉన్నట్టు. అంతకంటే బాగా తక్కువగా ఉంటే దీపాల పని పక్కన పెట్టి ముందు ఆల్టర్నేటర్‌ను, బెల్టును చూపించుకోవాలి. తరువాత హోల్డరును బల్బు నుంచి ఊడదీయకుండానే, దాని వెనుక నుంచి మల్టీమీటరు సూదిని లోపలి లోహానికి తగిలేలా దూర్చి, బల్బు దగ్గర ఎంత వోల్టేజీ అందుతున్నదో చూడాలి. హోల్డరు ఊడదీసి కొలిస్తే దాదాపు బ్యాటరీ వోల్టేజీయే కనబడి మనల్ని మోసగిస్తుంది. బల్బు వెలగనప్పుడు తీగలో కరెంటు పారదు, కరెంటు పారనప్పుడు తీగలో నష్టమూ కనబడదు.

ఈ రెండు కొలతల మధ్య తేడా అర వోల్టు దాటితే వైరింగ్ మీద పని ఉన్నట్టే. బల్బులోని టంగ్‌స్టన్ తీగ ఇచ్చే వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు, సుమారు దాని 3.4వ ఘాతం చొప్పున తగ్గుతుంది. వోల్టేజీ పది శాతం పడిపోతే ముప్పై శాతం వెలుతురు పోతుంది; బ్యాటరీ దగ్గర 13.8 ఉన్నది బల్బు దగ్గరకు వచ్చేసరికి 11.3 అయితే సగమే మిగులుతుంది. పాత జీపులో ఇది అరుదైన సంగతేమీ కాదు.

నష్టం ఏ వైపు ఉందో విడదీసి చూడడానికి ఒక సూదిని బ్యాటరీ ప్లస్ మీద, మరొకదాన్ని బల్బుకు ప్లస్ అందించే పిన్ను మీద పెట్టి ఒకసారి, బల్బు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కు మరొకసారి కొలవాలి. రెండో కొలతే ఎక్కువగా ఉంటే అదృష్టవంతులు: ఎర్త్ తీగ బిగించిన చోట పెయింటు, తుప్పు గీకి, లోహం మెరిసేలా చేసి, కొత్త బోల్టుతో బిగిస్తే ఖర్చు లేకుండా పని అయిపోతుంది. ఇంజనుకు, ఛాసిస్‌కు, బాడీకి మధ్య ఉండే అల్లిక పట్టీలను కూడా అప్పుడే చూసుకోవాలి. బాడీకి కొత్తగా పెయింటు వేయించిన బండ్లలో ఈ పట్టీల కింద పెయింటు చేరి ఎర్త్ చెడిపోతుంది.

రిలే వైరింగ్

నష్టం ప్లస్ వైపు ఉంటే రిలేలు వేయడమే శాశ్వత పరిష్కారం. పాత పద్ధతిలో రెండు దీపాలకు కావలసిన కరెంటంతా బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్‌కు, అక్కడి నుంచి డిమ్, బ్రైట్ మార్చే డిప్పర్‌కు, సీజే-3బీ వంటి బండ్లలోనైతే కాలి దగ్గర నేల మీద బురదలో నానే డిప్పర్ స్విచ్‌కు చేరి, తిరిగి ముందుకు వస్తుంది. రిలే వేస్తే ఆ దారిలో ఆంపియరులో చిన్న భాగం మాత్రమే పారుతుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిన దీపాలకు చేరుతుంది. స్విచ్ కూడా చల్లగా, చాలాకాలం పనిచేస్తుంది.

నాలుగు పిన్నుల, 30 ఆంపియర్ల రిలేలు రెండు కావాలి: డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. వాటి పిన్నుల మీద 30, 87, 85, 86 అనే అంకెలుంటాయి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయాలి. బ్యాటరీ ప్లస్ నుంచి రెండు తీగలు తీసి, ఒక్కొక్కదానికి 15 ఆంపియర్ల ఫ్యూజు వేసి, రెండు రిలేల 30వ పిన్నులకు కలపాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. 87వ పిన్నుల నుంచి కొత్త తీగలు రెండు దీపాలకూ వెళ్ళాలి. పాత హోల్డర్లలో ఒకదాని డిమ్ తీగను మొదటి రిలే 86కు, బ్రైట్ తీగను రెండో రిలే 86కు కలిపి, రెండింటి 85వ పిన్నులను ఎర్త్ చేయాలి. మిగిలిన పాత హోల్డరుకు టేపు చుట్టి కట్టివేస్తే సరిపోతుంది. దీపాల ఎర్త్‌కు కూడా పాత తీగను నమ్ముకోకుండా కొత్త తీగ వేయడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. జపాన్ మూలాలున్న కొన్ని బండ్లలో స్విచ్ ప్లస్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. అంటే బల్బుకు ప్లస్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది, స్విచ్ ఎర్త్‌ను మాత్రమే కలుపుతుంది. పాత హోల్డరులో డిమ్ వేసినా బ్రైట్ వేసినా ఒకే పిన్నులో 12 వోల్టులు కదలకుండా కనబడితే అదే సంగతి. అటువంటి బండిలో 85ను ఎర్త్‌కు బదులు ఆ ప్లస్ పిన్నుకు కలపాలి. హెచ్4 (డిమ్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం) హోల్డరులో అడ్డంగా ఉన్న పై పిన్ను డిమ్‌ది. నిలువుగా ఉన్న రెండింటిలో ఏది బ్రైటో, ఏది ఎర్తో మీటరుతో చూసి తేల్చుకోవాలే తప్ప, నాలుగు చేతులు మారిన బండిలో తీగ రంగును నమ్మకూడదు.

తీగ మందం విషయంలో పొదుపు పనికిరాదు. 55, 60 వాట్ల బల్బులు రెండు కలిసి సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మూడు మీటర్లు వేస్తే నష్టం 0.2 వోల్టు, ఒక చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే అర వోల్టు. హోల్డర్లు పింగాణీవి తీసుకోవాలి. రిలేలను ఫైర్‌వాల్ (ఇంజనుకూ డ్రైవరుకూ మధ్య ఉండే రేకు గోడ) మీద వీలైనంత ఎత్తున, పిన్నులు కిందికి చూసేలా బిగిస్తే వాగు దాటేటప్పుడు నీళ్ళు చేరవు, చేరినా నిలవవు. తీగలు రేకు రంధ్రంలో నుంచి వెళ్ళే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి.

గాజు, బల్బు

బండికి ఇంకా పాత సీల్డ్ బీమ్ దీపాలే, అంటే బల్బు విడిగా ఊడిరాని ముద్ద దీపాలే ఉంటే వాటిని హెచ్4 బల్బు పట్టే డూమ్‌లతో, అంటే బల్బు విడిగా ఊడివచ్చే గాజు, రిఫ్లెక్టరు గిన్నెలతో మార్చవచ్చు. కొనేటప్పుడు చూడవలసిన మొదటి సంగతి రూపం కాదు, ఏ వైపు నడిచే దేశం కోసం చేశారన్నది. మనం ఎడమవైపు నడుస్తాం కాబట్టి డిమ్ వెలుతురు గీత కుడివైపు సమంగా ఉండి, ఎడమవైపు అంచును చూపించడానికి పైకి లేవాలి. కుడివైపు నడిచే దేశాల దీపం బిగిస్తే ఆ లేచే భాగం నేరుగా ఎదుటి డ్రైవరు కళ్ళలో పడుతుంది, దాన్ని ఏ స్క్రూ తిప్పినా సరిచేయలేం. యూరప్ పద్ధతిలో ఈ-మార్కు ఉన్న గాజు మీద, దీపానికి ఎదురుగా నిలబడి చూసినప్పుడు మన కుడివైపుకు చూపే బాణం ఉంటే అది ఎడమవైపు నడిచే దేశాలది. బాణమే లేకపోతే కుడివైపు నడిచే దేశాలది. రెండు వైపులా బాణం ఉంటే రెండింటికీ పనికొస్తుంది. అమెరికాలో పాత రాంగ్లర్ టీజే నడిపే మనవాళ్ళు సెలవుల్లో వచ్చి ఇక్కడి డూమ్‌లు పెట్టెలో పెట్టుకుని వెళితే ఇదే పొరపాటు అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది.

బల్బు విషయంలో నా సలహా మామూలు 60/55 వాట్ల హెచ్4. అది 13.2 వోల్టుల దగ్గర బ్రైట్‌లో సుమారు 1650, డిమ్‌లో 1000 ల్యూమెన్లు ఇవ్వాలని ప్రమాణం. రిలే వేసిన బండిలో ఆ వెలుతురు నిజంగానే అందుతుంది. 100/90 వాట్ల బల్బులు పాత వైరింగ్‌లో ప్లాస్టిక్ హోల్డర్లను కరిగిస్తాయి, డూమ్ లోపలి పూతను మాడుస్తాయి. రోడ్డు మీద వాడడం నిబంధనలకూ విరుద్ధం. నీలిరంగు పూత పూసిన బల్బులు తెల్లగా కనబడతాయి కానీ ఆ పూత కొంత వెలుతురును మింగేస్తుంది.

హెచ్4 డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టడం నాకు సమ్మతం కాదు. హెచ్4 బల్బు లోపల డిమ్‌కు వెలిగే టంగ్‌స్టన్ తీగ కింద చిన్న లోహపు దోనె ఉంటుంది. అది కిందికి వెళ్ళే వెలుతురును ఆపి, డూమ్ పై సగానికి మాత్రమే వెలుతురు చేరేలా చేయడం వల్లనే గోడ మీద స్పష్టమైన గీత పడుతుంది. డూమ్ వంపు ఆ సన్నని తీగ ఉన్న చోటును ఆధారంగా చేసుకుని లెక్కించినది. ఎల్‌ఈడీ బల్బులో వెలుతురు పలక రెండు పక్కలా అతికించిన చిప్‌ల నుంచి వస్తుంది. అవి తీగ ఉండవలసిన చోటు నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు ఉన్నా గీత చెదిరి, దగ్గరి నేల తెల్లగా మెరిసి, దూరం చీకటిగానే ఉండిపోతుంది. ఎల్‌ఈడీయే కావాలనుకునేవారు గాజు, రిఫ్లెక్టరు, చిప్ అన్నీ కలిపి ఒకటిగా రూపొందించిన ఏడు అంగుళాల దీపం మొత్తాన్ని, ఎడమవైపు రోడ్డుకు తగినది చూసి కొనడం మేలు.

బిగించడం

ముందువైపు రింగు ఊడదీయగానే ప్రతి దీపం చుట్టూ రెండు రకాల స్క్రూలు కనబడతాయి. లోపలి రింగును పట్టి ఉంచే మూడు చిన్న స్క్రూలు ఒక రకం. పైనో కిందో ఒకటి, పక్కన ఒకటి, స్ప్రింగు బిగువుతో ఉండే పొడవాటి స్క్రూలు రెండో రకం. దీపం తీయడానికి మొదటి రకాన్నే తిప్పాలి. ఒక వర్క్‌షాపులో నా జీపుకు బల్బు మార్చమంటే రెండు పొడవాటి స్క్రూలనూ పూర్తిగా ఊడదీశారు. ఆ రాత్రి ఒక దీపం చెట్ల కొమ్మలనూ మరొకటి నా బంపరునూ చూపించాయి. తుప్పు పట్టిన స్క్రూలకు ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే తలలు అరగవు. బల్బు గాజును వేళ్ళతో తాకకూడదు. వెనుక రబ్బరు తొడుగు బిగువుగా కూర్చుందో లేదో చూసుకోవాలి, లేకపోతే తొలి వానకే డూమ్‌లో నీటి ఆవిరి పడుతుంది.

గురి

అసలు పని ఇది. దీనికి సమమైన నేల, పది మీటర్ల దూరంలో లేత రంగు గోడ, కాస్త చీకటి కావాలి. ముందు బండిని సిద్ధం చేయాలి: నాలుగు టైర్లలో సరైన గాలి, ట్యాంకులో సగం ఇంధనం, డ్రైవరు సీటులో మనిషి, బండిలో మామూలుగా ఉండే సామాను. తరువాత ముందూ వెనుకా బండిని నాలుగైదుసార్లు నొక్కి వదిలితే కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) తమ చోటికి సర్దుకుంటాయి.

బరువు గురించి ఇంతగా చెప్పడానికి కారణం జీపు పొట్టిదనం. సీజే-3బీలో ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 80 అంగుళాలే. వెనుక సీట్లలో జనం కూర్చుని బండి వెనుకభాగం రెండు అంగుళాలు దిగిందనుకుంటే, ముక్కు 2.5 శాతం పైకి లేస్తుంది. పది మీటర్ల దూరంలోని గోడ మీద వెలుతురు పాతిక సెంటీమీటర్లు ఎగబాకుతుంది. మనం ఎంతో జాగ్రత్తగా కిందికి దించే కోణం ఒకటి రెండు శాతమే కాబట్టి, ఖాళీ బండిలో పెట్టిన గురి మొత్తం ఆ ఒక్క దిగుడుతో తుడిచిపెట్టుకుపోతుంది. బొర్రా నుంచి కటికి జలపాతం దగ్గరికి పర్యాటకులను ఎక్కించుకునే జీపువంటి బండికి మనుషులను కూర్చోబెట్టే గురి చూడాలి. ఒంటరిగా తిరిగే బండికి డ్రైవరు బరువు చాలు. ఖాళీకీ నిండుకూ మధ్య తేడా ఏ రకంగానూ పొసగనంత ఎక్కువగా ఉంటే లోపం దీపాలది కాదు, చచ్చుబడిన కట్టలది; వాటిని ముందు బాగు చేయించాలి.

నేల సమంగా ఉందో లేదో తేల్చడానికి తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపును మించినది లేదు. సన్నని పారదర్శక గొట్టంలో గాలి బుడగలు లేకుండా నీరు నింపి, నాలుగు చక్రాల దగ్గరా నేల ఒకే మట్టంలో ఉందని చూడాలి. చక్రాల కింద సమంగా ఉంటే చాలు, గోడ దగ్గర నేల ఎత్తుపల్లంగా ఉన్నా ఫరవాలేదు: దీపం మధ్యబిందువు మట్టాన్ని అదే పైపుతో గోడ మీదికి తీసుకువెళ్ళి అడ్డంగా టేపు అతికించవచ్చు. ఇది మొదటి గీత.

బండి గోడకు నిటారుగా నిలవాలి. రెండు దీపాల గాజుల నుంచి గోడకు దూరం సరిగ్గా పది మీటర్లు ఉండేలా చూసి, ముందు అద్దం నడుమ, వెనుక నడుమ చిన్న టేపు ముక్కలు అంటించి, వెనుక నుంచి ఒంటి కన్నుతో చూస్తూ గోడ మీద బండి నడుమ ఎక్కడ పడుతుందో గుర్తించాలి. దీపాల మధ్యబిందువుల దూరాన్ని కొలిచి, నడుమ గుర్తుకు అటూ ఇటూ సగం సగం పెడితే రెండు నిలువు గీతలు వస్తాయి.

ఇక ఎంత దించాలన్నది. ఐక్యరాజ్యసమితి 48వ నియమావళి ప్రకారం దీపం ఎత్తు నేల నుంచి 80 సెంటీమీటర్ల లోపు ఉంటే మొదటి గురి 1 నుంచి 1.5 శాతం కిందికి, మీటరు దాటితే 1.5 నుంచి 2 శాతం కిందికి ఉండాలి. ఈ రెండు ఎత్తుల మధ్య రెండు పద్ధతులూ చెల్లుతాయి. పది మీటర్ల దూరంలో ఒక శాతం అంటే పది సెంటీమీటర్లు. దీపం 95 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న జీపుకు నేను 1.5 శాతం పెడతాను: మొదటి గీతకు 15 సెంటీమీటర్ల కింద రెండో అడ్డగీత వస్తుంది, వెలుతురు అంచు రోడ్డును సుమారు 63 మీటర్ల దూరంలో తాకుతుంది. లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు వేసి దీపం 110 సెంటీమీటర్లకు చేరిన బండికి 2 శాతం పెడితే 55 మీటర్లు. ఎత్తు పెంచుకున్నవారు ఆ కాస్త దూరాన్ని ఎదుటివారి కోసం వదులుకోవాలి. పది మీటర్ల స్థలం లేకపోతే ఐదు మీటర్ల దగ్గర కొలతలన్నీ సగం చేసుకోవచ్చు, కానీ పొరపాటు రెట్టింపవుతుంది.

ఇప్పుడు డిమ్ వేసి, ఒక దీపం హోల్డరు ఊడదీసి రెండోదాన్ని మాత్రమే చూడాలి. గుడ్డ కప్పితే హాలోజన్ వేడికి మాడే ప్రమాదముంది. పై స్క్రూ తిప్పుతూ వెలుతురు గీత సమభాగాన్ని రెండో అడ్డగీత మీదికి, పక్క స్క్రూ తిప్పుతూ గీత ఎడమవైపుకు లేవడం మొదలయ్యే మోచేతి వంపును ఆ దీపపు నిలువు గీత మీదికి తేవాలి. ఒక స్క్రూ తిప్పితే రెండోది కొద్దిగా కదులుతుంది కాబట్టి రెండు మూడుసార్లు మార్చి మార్చి చూడాలి. ఆఖరి తిప్పు ఎప్పుడూ బిగించే దిశలో ఉండాలి. వదులు చేసే దిశలో ఆపితే స్ప్రింగులోని సందు గతుకుల్లో సర్దుకుని గురి జారిపోతుంది. హెచ్4లో రెండు తీగలూ ఒకే బల్బులో ఉంటాయి కాబట్టి డిమ్ కుదిరితే బ్రైట్ దానంతటదే కుదురుతుంది. బ్రైట్ వేసినప్పుడు వెలుతురు గుండం మొదటి అడ్డగీత దగ్గర పడాలి. అలా పడకపోతే బల్బు తన గాడిలో సరిగా కూర్చోలేదు, లేదా డూమ్ నాణ్యత లేనిది. స్పష్టమైన గీత పడని పాత సీల్డ్ బీమ్‌లకు మాత్రం బ్రైట్ వేసి, గుండం నడిమి భాగాన్ని నిలువు గీత మీద, మొదటి అడ్డగీతకు కాస్త కిందుగా పెట్టుకోవాలి.

రెండు దీపాలూ కుదిరాక ఒక పరీక్ష చేయాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది, దీపానికి ఎనిమిది మీటర్ల ముందు, దీపం కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు మీటరున్నర ఎత్తున కన్ను ఉన్న మనిషికి కళ్ళు మిరుమిట్లు గొలపకూడదని చెబుతుంది. ఒక స్నేహితుణ్ణి కొలిచి అక్కడ నిలబెట్టి, కన్ను ఆ ఎత్తుకు వచ్చేలా వంగమని, డిమ్ వేసి అడగాలి. అతడు ముఖం తిప్పుకుంటే మళ్ళీ స్క్రూడ్రైవరు పట్టాల్సిందే.

అదనపు దీపాలు

బంపరు మీద ఫాగ్ దీపాలు, పైన లైట్ బార్ పెట్టాలనుకునేవారు హెడ్‌లైట్ల పని ముగించాకే ఆ ఆలోచన చేయాలి. ప్రతిదానికీ వేరే రిలే, వేరే ఫ్యూజు ఉండాలి. మొత్తం వాట్లు ఆల్టర్నేటర్ సామర్థ్యంలో ఇముడుతాయో లేదో లెక్క చూడాలి. పాత డైనమో ఉన్న బండి ఐడిల్‌లో ఛార్జ్ చేయలేదు కాబట్టి అక్కడ ఈ ముచ్చట వదులుకోవడమే మంచిది. పైకప్పు మీది బార్ వెలుతురు బానెట్ మీద పడి డ్రైవరు కళ్ళలోకే తిరిగివస్తుంది. లంబసింగి మంచులోనైనా, ముందు బండి లేపిన ఎర్ర దుమ్ములోనైనా తెల్లగోడలా నిలబడుతుంది. మంచులో పనికొచ్చేది నేలకు దగ్గరగా బిగించి, కిందికి దించిన వెడల్పాటి వెలుతురే. పైగా అదే నిబంధనల్లో 111వది ముందువైపు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా పెట్టకూడదంటుంది. ఎంత మంచి దీపాలు పెట్టినా హైదరాబాద్–శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిది దాటితే అడవి గేటు తెరవరని కొత్తగా జీపు కొన్నవారికి గుర్తుచేయడం కూడా నాకు అలవాటైపోయింది.

పని పూర్తయ్యాక గోడ మీది టేపు పీకేయకుండా, ఇంటి గోడే అయితే, రెండు అడ్డగీతలనూ రెండు నిలువు గీతలనూ పెయింటుతో చిన్నగా గుర్తు పెట్టుకుని, చక్రాలు నిలిపిన చోట నేల మీద కూడా నాలుగు గుర్తులు వేసుకోవాలి. కట్టలు మార్చినప్పుడు, టైరు కొలత మారినప్పుడు, ముందు బంపరుకు వించ్ తగిలించినప్పుడు, బల్బు మార్చిన ప్రతిసారీ బండిని అవే గుర్తుల మీద నిలిపి చూస్తే గురి సరిచూసుకోవడానికి పది నిమిషాలు చాలు.